పొద్దుటి బెత్తెడు

అఫార్ మైదానంలో లుబాక్ చెప్పిన దాగుకి ఎవరూ రెండో సాక్ష్యం అడిగేవారు కాదు. అక్కడ దారిలో ఇద్దరు ఎదురుపడితే, ఎంత తొందరున్నా నేలమీద కూర్చుని ఒకరి కబుర్లు ఒకరికి చెప్పుకోవాలి. ఏం చూశావు, ఏం విన్నావు. అదే దాగు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాలి. పడుచుతనంలో ఒకసారి లుబాక్ విన్నదాన్ని చూశానని చెప్పాడు. అతని మాట నమ్మి బయల్దేరిన కుటుంబానికి బావిలో ఎండిన బురద దొరికింది. వాళ్ల ముసలావిడ ఆ బావి గట్టునే పోయింది. ఆ తర్వాత పాతికేళ్లుగా లుబాక్ దేన్నైనా కర్రతో కొలిచాకే నోరు విప్పేవాడు.

ఆ ఎండాకాలం పదకొండు రోజులుగా నేల వణుకుతోంది. చెల్లెలు మోమినా విడిదిలో రెండు తిత్తుల నీళ్లే మిగిలాయి. ముప్ఫై మేకలు, నలుగురు పిల్లలు, నిండు నెలల కోడలు. నల్లరాళ్ల బావికి దారి ఎలా ఉందో చూడమని ఆమె అన్నను ముందు పంపింది.

మైదానం నడిమధ్య నేల చీలి ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి, కనుచూపు మేర. లుబాక్ వంగి కొలిచాడు. బెత్తెడు. కర్ర లోపలికి దించితే అడుగు తగల్లేదు. కర్ర పట్టుకున్న అరచేతికి సన్నని అదురు తెలిసింది, తిరగలి తిరుగుతుంటే కింది రాతిమీద చెయ్యి ఆనించినట్టు. అతను దాటి ముందుకు వెళ్లాడు.

అవతల దాతో అనే కుర్రాడు ఎదురొచ్చాడు, రెండు ఒంటెలతో, మోమినా విడిది వైపే వెళుతూ. ఇద్దరూ కూర్చున్నారు.

“ఏం చూశావు మామా?”

“నేల చీలింది. బెత్తెడు. లోతు కర్రకి అందలేదు. మేకలు దాటతాయి.”

“బెత్తెడేనా! మీ చెల్లెలి మొగుడు యయ్యో పొట్టేసుకుని కూడా దాటేస్తాడులే. ఏం విన్నావు?”

లుబాక్ తన అరచేతి కేసి చూసుకున్నాడు. ఆ అదురు చూసింది కాదు, విన్నదీ కాదు. దాగులో దానికి చోటు లేదు.

“ఏం వినలేదు,” అన్నాడు.

మధ్యాహ్నానికి బావి చేరాడు. నీళ్లు నడుం లోతు ఉన్నాయి. చేద తోడి చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి. గట్టుమీద తస్ఫాయే తన పెట్టెలు సర్దుతున్నాడు. ఎగువ కొండల మనిషి. నేల కొలిచే పనిమీద రెండేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నాడు.

“లుబాక్ అన్నా, ఇక్కడ ఉండకు. ఆ చీలికకి అటొకటి ఇటొకటి ఇనప గుంజలు పాతాను. పొద్దుటికీ ఇప్పటికీ వాటి మధ్య ఎడం మూరన్నర పెరిగిందని ఈ పెట్టె చూపిస్తోంది.”

“పొద్దున బెత్తెడే. నేనే కొలిచాను.”

“పొద్దున సంగతి అది. విను. మన కాళ్ల కింద భూమి ఒకటే చెక్క కాదు. పగిలిన కుండని పెంకులు పేర్చి నిలబెట్టినట్టు ఉంటుంది. ఇక్కడ మూడు పెంకులు కలుస్తాయి. మూడూ మూడు వైపులకి జరుగుతున్నాయి. ఏడాదికి నీ గోరు పెరిగినంత కూడా జరగవు.”

“గోరా!” లుబాక్ నవ్వాడు. “గోటికి భయపడి పరిగెత్తమంటావా?”

“గోరు రోజూ పెరుగుతుంది. నేల అలా కాదు. ఏళ్ల తరబడి బిగబట్టుకునే ఉంటుంది. ఆ లాగుడంతా ఒక్క వారంలో వదిలేస్తుంది. కింద కరిగిన రాయి సందు దొరగ్గానే ఎగదన్నుతుంది. ఈ పల్లం, ఆ నల్ల కొండలు, అన్నీ అలా పుట్టినవే. ఇంకా లక్షల ఏళ్లకి సముద్రం ఇక్కడికే వస్తుంది.”

“సముద్రం సంగతి తర్వాత. మా చెల్లి సాయంత్రానికి వస్తుంది.”

ఆ మాట అన్నాకే లుబాక్ లెక్క వేసుకున్నాడు. దాతో ఈపాటికి విడిది చేరి ఉంటాడు. అక్కడ మళ్లీ కూర్చుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పి ఉంటాడు. బెత్తెడు. మేకలు దాటతాయి. లుబాక్ చూసిందంటే మోమినా మారు ఆలోచించదు.

అతను పరిగెత్తాడు. రెండుసార్లు నేల కాళ్ల కిందినుంచి జరిగి మోకాళ్లమీద పడేసింది. చీలిక దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అదిప్పుడు రెండు ఒంటెల పొడుగు వెడల్పు. అవతలి అంచు నిలువెత్తు కుంగింది. అంచులు విరిగి పడుతుంటే లేచిన ధూళి, పశువుల మంద వస్తుంటే లేచే ధూళిలాగే ఉంది. దాని వెనక నిజంగానే మంద వస్తోంది. ముందు యయ్యో, పక్కన దాతో, వెనక మోమినా. మేకలు దాహం కొద్దీ అడుగు పెంచాయి.

దాగు అరిచి చెప్పేది కాదు. అరిచిన కబురు కబురే కాదంటారు. లుబాక్ అరిచాడు. కర్ర రెండు చేతులా ఎత్తి, గొంతు చిరిగేలా అరిచాడు. రాళ్లు దొర్లే చప్పుడులో ఆ మాటలు కలిసిపోయాయి.

“చూడు, మీ అన్న మనకి ఎదురొచ్చి గంతులేస్తున్నాడు,” అన్నాడు యయ్యో.

మోమినా ఆగిపోయింది. “మా అన్న పుట్టి బుద్ధెరిగి అరవలేదు,” అంది. “కూర్చోండి.”

“నీళ్లకి పోతూ దారిలో కూర్చోవడమేంటే?”

“దాగు ఉంది. కూర్చోండి అందరూ!”

ఆమె ఉన్నచోటనే కూలబడింది. కోడలు, పిల్లలు, దాతో కూర్చున్నారు. గొణుక్కుంటూ యయ్యో కూడా. మేకలకి ఆ సంగతి తెలియదు. ముందున్న ఐదు ధూళిలోకి వెళ్లాయి. వాటి అరుపు కింది నుంచి వచ్చింది, తర్వాత రాలేదు. మిగతావి బెదిరి వెనక్కి మళ్లాయి.

ధూళి కాస్త అణిగాక అన్నాచెల్లెళ్లు ఒకరికొకరు కనబడ్డారు. లుబాక్ కూడా కూర్చున్నాడు.

“ఏం చూశావన్నా?” గొంతెత్తి అడిగింది మోమినా.

“పొద్దున చూసింది ఇప్పుడు లేదు.”

“బావి?”

“ఉంది. ఇటుంది. నీళ్లు వేడెక్కుతున్నాయి.”

“ఇది ఎక్కడిదాకా ఉంది?”

“చూడలేదు.”

మోమినా ఖాళీ తిత్తి ఒకటి మడిచి భుజాన వేసుకుంది. లుబాక్ లేచి, అంచుకి పది అడుగులు ఎడంగా ఉత్తరానికి నడవసాగాడు. అవతల ఆమె తనవాళ్లను లేపి అటే కదిలింది. మిట్ట వచ్చినప్పుడల్లా లుబాక్ ఆగి, వాళ్లు కనబడేదాకా చూసి, మళ్లీ నడిచాడు. చేతిలో కర్ర నేలకి తగిలినప్పుడల్లా అదురుతూనే ఉంది.