మూడు షిఫ్టుల కాపలా

మా రూమ్‌ల మంచం ఒక్కటే, మనుషులం ముగ్గురం. సుల్తాన్‌పూర్ కాడ సిరంజీలు చేసే కంపెనీల ముగ్గురివి మూడు షిఫ్టులు. ఒకామె డ్యూటీల ఉంటే ఒకామె నిద్రల ఉంటది, మిగిలినామె వండుతది. వారం వారం షిఫ్టు మారుతది గనీ, ముగ్గురం ఒక్కసారి మేలుకొని ఉండుడు ఆదివారం తప్ప కుదరదు. ఆదివారమేమో పెద్దక్క చర్చికి పోతది, గోదావరి దిక్కు నుంచి వచ్చిన చిన్నామె బట్టలు ఉతుకుతది, నేను గుర్రు పెట్టి నిద్రపోత. ఇగ ముచ్చట ఎప్పుడు పెట్టాలె?

గందుకే ఫోన్ల ఒక ఆట పట్టుకున్నం. పొలం దున్నాలె, వంకాయలు కొయ్యాలె, బర్లకు నీళ్లు పెట్టాలె. పెద్దక్క నంబరు మీద ఐడీ ఒక్కటే చేసి ముగ్గురి ఫోన్లల్ల పెట్టుకున్నం. మంచం ఒక్కటైనంక ఐడీ మూడెందుకు? డ్యూటీకి పోయేటామె డ్యూటీ దిగి వచ్చేటామెకు పొలం అప్పజెప్పాలె. కంపెనీల మెషిన్ కాడ షిఫ్టు మారేటప్పుడు "చార్జ్ తీస్కో" అని అందరికి ఇనవడేటట్టు ఎట్ల చెప్తమో, గట్లనే ఆటల వేరేటోళ్లు గూడ ఉండే గ్రూప్ చాట్‌ల రాసేటోళ్లం. "అక్కా, చార్జ్ తీస్కో. వంకాయలు కోసిన. బర్లకు నీళ్లు పెట్టలే. గిన్నెల పప్పు ఉంది, వేడి చేసుకొని తిను." పప్పు మాత్రం నిజం పప్పు.

వాట్సాప్ లేదా అంటరు. ఉంది. దాంట్ల గ్యాస్ అయిపోయిందని తప్ప వేరే ఏం రాయబుద్ధి కాకపోతుండె. మనసుల మాట పొలంలనే వచ్చేది.

మా ఐడీ ఎప్పుడు చూసినా మేలుకొనే ఉంటదని, చాట్‌లున్నోళ్లంతా ఓట్లేసి మమ్మల్ని కాపలా పెట్టిన్రు. ఆ ఆటల బూతులు తిట్టెటోళ్ల నోరు మూసేది కంపెనీ కాదు, ఆడేటోళ్లు ఎన్నుకున్న కాపలావాళ్లే. ఎవరినన్న మ్యూట్ చేస్తే కారణం రాయాలె, అది మ్యూట్ అయినోళ్లకే కనవడ్తది. చిన్నామె రాసేది, "దయచేసి కాస్త మర్యాదగా మాట్లాడండి" అని. నేను రాసేది, "అది నోరా, మురికి మోరీయా? మూసుకొని కూసో" అని. పెద్దక్కనైతే మ్యూటే చేసేది కాదు. నేను మూసిన నోర్లన్ని తెరుస్తుండె. "పాపం, అలిసిపోయి వచ్చి తిట్టిండేమో" అనేది. నాకు ఒళ్లు మండేది. కాపలా ఉండుమంటే గేటు తీసి కూసుంటవేందక్కా అని కొట్లాడిన, అది గూడ చాట్‌లనే! ఒక్క ఐడీ తనను తానే తిట్టుకుంటుంటే సూసెటోళ్లు ఏమనుకోవాలె?

నేను అందరికంటె ఎక్కువ మ్యూట్ చేసినాయన ఒకడుండె. ఆయన ఇదంతా సూసి ఫిర్యాదు పెట్టిండు. "దీన్ని ఒక్క మనిషి నడుపుతలేదు. ఏదో గ్యాంగు, షిఫ్టులు పెట్టుకొని మరీ నడుపుతున్నరు." అబద్ధమన్న ఆడకపాయె! ఒక్క మనిషికి ఒక్క ఐడీ అని ఆట కానూన్. మా ఐడీకి తాళం పడ్డది. మిగతా గ్రూపుల కాపలావాళ్లు ఆదివారం కూసొని మా మాట ఇని తీర్పు చెప్తమన్నరు.

వంకాయలు పోతే పోనీ. ఐడీ పోతే మా ముచ్చట్ల జాగ పోతది. ఒక్క రూమ్‌ల ఉండుకుంట ఒకళ్లకొకళ్లం పరాయోళ్లమైతం.

ఆదివారం పెద్దక్క చర్చికెళ్లి జల్దీ వచ్చింది. ఒక్క మంచం మీద ముగ్గురం కూసునేసరికి ఎవరి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. నేను కొట్లాడుదామన్న. చిన్నామె "సారీ చెప్పేద్దామండీ" అన్నది. పెద్దక్క ఫోన్ గుంజుకొని, తీర్పు చెప్పేటోళ్లకు ఉన్నదున్నట్టు రాసింది. వాళ్లల్ల ఒకాయన రాసిండు, "మేం ఒక్కామెనే అనుకున్నం. రోజుకోపూట దయ్యం పడ్తదేమో అనుకున్నం." దయ్యమంటే నేనే. ముగ్గురం పడీ పడీ నవ్వినం.

తీర్పు వచ్చినంక ఆ నవ్వు ఆగింది. ఐడీ, కాపలా రెండూ నంబరున్న పెద్దక్కకే. మేమిద్దరం కావాలంటే వేరే ఐడీలు చేసుకోవాలె. ఇగ చాట్‌ల ఇంటి ముచ్చట్లు, షిఫ్టు ముచ్చట్లు బంద్.

నేను కొత్త ఐడీ చేసుకున్న. బీడు భూమి, ఒక్క బర్రె గూడ లేదు. చాట్‌ల అందరూ ఉన్నరు గనీ నాకు చార్జ్ ఇచ్చేటోళ్లు లేరు. ఒకనాడు పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి పెద్దక్క డ్యూటీకి పోయింది, చిన్నామె మంచం మీద ముసుగు తన్ని పన్నది. గిన్నె మూత గూడ తియ్యకుండ చాప మీద కూలబడి ఆట తెరిచిన. ఫిర్యాదు పెట్టినాయనే నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చిండు. "ఏందమ్మా, కాపలా పోయె, గొడ్లు గూడ పోయెనా?" అన్నడు. ఇగ నేనాగుతనా? నోటికొచ్చింది రాసిన.

మ్యూట్ పడ్డది. ఎవ్వరి నోరూ మూయని పెద్దక్క, టీ బ్రేక్‌ల లాకర్‌కెళ్లి ఫోన్ తీసి, నా నోరు మూసింది. కోపానికో దుఃఖానికో కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏం కారణం రాసిందో సూద్దామని తెరిచిన.

"చెల్లే, చార్జ్ తీస్కో. చిన్నదానికి జరమొచ్చింది, గోలి ఇచ్చిన, లేపకు. నీకిష్టమని చింతచిగురు పప్పు చేసిన, గిన్నెల ఉంది. గీడ రాస్తే నీకు తప్ప ఎవ్వరికీ కనవడదు. పొద్దుగాల నీ నోరు తెరుస్త. రోజుకొక తిట్టు తిట్టు, చాలు."

రేపు ఏం తిట్టాల్నో ఆలోచన చేసుకుంట, పప్పు వేడి పెట్టిన.