థైరాయిడ్ మాత్ర ఆపిన తెలివి

డాక్టర్‌ని అడక్కుండానే థైరాయిడ్ మాత్రలు ఆపేసిన ఘనురాలిని నేను. పిల్లల కోసం చూస్తున్నాం కదా, మందుల్లేకపోతే ఒంటికి మంచిది, ఫీజూ మిగులుతుంది అనుకున్నాను. బట్టల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఇక్కడ ఢిల్లీలో సరోజినీ నగర్ బజారుకెళ్తే ధర సగానికి దిగితే గానీ కదలను.

ఓ పొద్దున నోయిడా మెట్రోలో నెలలు నిండిన ఒకావిడ ఎక్కితే సీటిచ్చాను. ఇచ్చానే గానీ, ఆ పొట్ట చూసి లోపల కుళ్లిపోయాను. నా ఫోన్ మాటలు విని, "తెలుగువాళ్లా అక్కా?" అని పలకరించి, ఆవిడ ఒక మాత్ర మింగింది.

"కడుపుతో ఉండి మాత్రలా!" అన్నాను, తప్పు దొరికిందన్న సంతోషంతో.

"థైరాయిడ్‌కి అక్కా. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టర్‌ని అడిగాను. ఆపితేనే ప్రమాదమట, డోసు పెంచారు."

"నేను ఆపేశాను."

"ఎవరు ఆపమన్నారు?"

"నేనే."

"అచ్ఛా, మీరే డాక్టరా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "ఇవాళే వెళ్లి అడగండి అక్కా."

ఆ పొట్ట మీదకంటే, ముందే అడిగిన ఆ బుద్ధి మీద ఎక్కువ అసూయ పుట్టింది నాకు. సాయంత్రమే వెళ్లి, బేరమాడకుండా ఫీజు కట్టి, థైరాయిడ్ అదుపులో లేకపోతే కడుపు పండటమే కష్టమని డాక్టర్ చెప్పాక, మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను.

నిజాయితీగా లెక్క తీస్తే, మిగిలిందనుకున్న ఫీజు ఎలాగూ కట్టాను. మాత్రలు మానేసి పిల్లల కోసం ఆశగా ఎదురుచూసిన ఆ నెలల్ని మాత్రం ఎంత బేరమాడినా ఎవరూ వెనక్కివ్వరు.