ల్యాబుకు పోయిన సిఫారసు ఫోను

మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందు వచ్చే మాట ఒకటే: "ఎవురితో చెప్పిచ్చాల?" రేషన్ కార్డయినా, కాన్పుకు ఆస్పత్రిలో మంచమైనా పెద్దమనిషి ఫోను చేయాల్సిందే. జమ్మలమడుగు దగ్గర మాకు భూములున్నాయి, పరువుంది. అయినా మా నాయన పొద్దున్నే పులివెందుల పోయి ఒక నాయకుడి వాకిట్లో కూర్చుంటే తప్ప ఆయనకు ధైర్యం ఉండదు.

మా మేనత్త భర్తను కాలువ నీళ్ల తగాదాలో కొట్టి చంపారు. ఊరందరికీ తెలుసు. పంచాయితీ మాత్రం ఆ వాకిట్లోనే తెగింది. కాలు జారి కాలువలో పడ్డాడని అందరూ ఒకే మాట చెప్పాలని తీర్మానం. అత్త తలూపింది. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంటూ, వంటింటి తలుపు గడియ వేసుకుని ఒక్కతే తింటుంది. ఆమె ఏడవగా నేను చూడలేదు.

అందుకే ప్రొద్దుటూరులో డిగ్రీకి సైకాలజీ తీసుకున్నాను. యూనివర్సిటీలో ఒక మేడం నడిపే పరిశోధన ల్యాబు గురించి అక్కడే విన్నాను. మొగుణ్ణి పోగొట్టుకుని, పైగా రాజీకి తలొంచిన ఆడవాళ్ల దుఃఖం మీద వాళ్ల పని. చేరితే అందులోనే చేరాలనుకున్నాను.

పరీక్ష ఉంటుందనుకున్నా. లేదంట, మేడంకే నేరుగా మెయిల్ రాయాలంట. నేను రాసిన మొదటి మెయిల్లో 'తమరి పాదపద్మములకు' అన్నదొక్కటే తక్కువ. మా లెక్చరరు చదివి మండిపడింది.

"ఇదేమన్నా అర్జీనా? ఆమె రాసిండేవి చదివినావా? దాంట్లో నీకేం అర్థమాయ, ఏం కాలేదు, వారానికి ఎంతసేపు పని చేయగలవు, అది రాయి. నీ మార్కులు అన్నిటికంటే కడాకు రాయి."

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మేడం వ్యాసాలు చదివాను. సగం తలకెక్కలేదు. ఎక్కలేదనే రాశాను. జవాబు రాలేదు. కొన్నాళ్లు ఆగి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయమంది లెక్చరరు. ఈసారి జవాబొచ్చింది, వీడియోలో మాట్లాడదామని.

"మొదట్లో రికార్డు చేసినవి విని టైపు చేయడమే నీ పని. జీతం ఉండదు. విన్నది గడప దాటకూడదు. ఇక్కడ నువ్వు ఎవరి మనిషివీ కాకూడదు. ఆలోచించుకుని చెప్పు," అంది మేడం.

ఆలోచించడానికేముంది, అప్పుడే ఒప్పుకున్నాను. వచ్చే వారం ఖాయం చేస్తానంది.

అత్తకు చెప్పాను, అక్కడ ఎవరి పేరూ బయటికి రాదని కూడా. పిండి కలుపుతున్న చెయ్యి ఆగింది.

"పేర్లు చెప్పరా? నిజంగానా?"

"చెప్పరత్తా."

"అట్లయితే నా కడుపులో గూడా ఒక మాట ఉంది మే. నువ్వు చేరినాంక చెప్తా."

ఇన్నేళ్లకు నోరు తెరుస్తానంటోంది!

ఆ శనివారం మా నాయన గండి ఆంజనేయస్వామి ప్రసాదంతో ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నీ పనయిపోయిందమ్మా! పులివెందుల అన్న సొంతంగా ఫోన్ చేసినాడు మీ మేడంకు. మా పిల్ల, చూసుకోండి అని."

"నేనడిగితినా నాయనా? ఎందుకు చెప్పిచ్చినావు?"

"అడగందే అమ్మైనా పెట్టదు. మనోళ్లుండంగ ఎందుకు చెప్పిచ్చుకోగూడదు? అన్నకు శానా సంతోషం. ఆడ ఆడోళ్లు ఎవురెవురు ఏమేం చెప్తాండారో మీ పాపను అప్పుడప్పుడు నాకు చెప్పమనప్పా అన్న్యాడు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాయనకు అది వినబడలేదు. నిజంగా మేలు చేశాననే అనుకుంటున్నాడాయన. ఆ అమాయకత్వం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

మరునాడు మేడం ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు.

"నీ తప్పు లేదని తెలుసమ్మా. కానీ ఆ ఫోన్ తర్వాత నిన్ను పక్కన పెట్టుకుని ఆ ఆడవాళ్ల ముందు ఎలా కూర్చోను? భయపడతారు. నిన్ను తీసుకోలేను."

బతిమాలాను, ఏడ్చాను. ఆమెను తిట్టుకోవాలని చూశాను. నాయన తెచ్చిన ఆ 'ఏమేం చెప్తాండారో' చెవిలో మోగుతుంటే ఏమని తిట్టను? ఆమె అన్నది నిజం.

వంటింటి దగ్గరికి పోయాను. గడియ వేసి ఉంది.

"అత్తా, నేను చేరలేదు. ఇంగ చేరను కూడా. నాకు ఒక్కదానికే చెప్పు. యాడా చెప్పను, నీ మీద ఒట్టు."

తలుపు అవతలనుంచి, బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు అంది:

"చెప్పేదానికేముంది మే. మీ మామ కాలు జారి కాలవలో పడినాడు."