ఏం గాదు అంటే ఏం గాదని గాదు

పోయిన ఎండాకాలం జనగామ నుంచి మహబూబాబాదుకు బస్సులో పోతుంటే, ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి ఒకాయన రోడ్డుకు అడ్డం వచ్చి బస్సును ఆపాడు. పక్కన గ్రానైటు గుట్టలో మందు పేలుస్తున్నారట. "ఏం గాదు, పోనియ్యన్నా, లగ్గం టైము దాటిపోతది" అని వెనక సీటులోంచి ఎవరో అన్నారు. డ్రైవరు వినకుండా ఇంజిను బందు చేశాడు. కాసేపటికి సీటు కింద నేల కదిలినట్టయింది, చప్పుడు వచ్చింది, దాని వెనకే వాసన వచ్చింది. కాలిన తూటా మందు వాసన. కొంచెం తీపి, కొంచెం వగరు, పీలిస్తే కళ్ళ వెనక నొప్పి పుడుతుంది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ వాసన తగలగానే నా కుడిచేతి వేలు నాకు తెలియకుండానే చీర మీద ఒక గీత గీసింది.

ఆ గీత నాకు నేర్పిన మనిషి పేరు వసుంధరమ్మ. ఆమెను ఎరిగినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు ఇద్దరు ముగ్గురం మిగిలాం. అందుకే రాస్తున్నాను.

మాది దేవరుప్పుల దగ్గర ఒక ఊరు. మా నేలలో నీళ్ళు చాలా లోతున ఉంటాయి. నాలుగు నిలువుల మట్టి తీస్తే చాలు, కింద రాయి తగులుతుంది. ఆ రాతిని పగలగొట్టే పని మా ఆయన మల్లయ్యది. బావి అడుగున రాతికి రంధ్రాలు కొట్టి, వాటిలో మందు కూరి, వత్తులకు బీడీతో నిప్పు అంటించి, మోకుకు కట్టిన గంపలో కూర్చుని "లాగుండ్రి" అని కేక వేసేవాడు. పైనున్నవాళ్ళు గబగబా లాగేవారు. ఆయన ఒడ్డెక్కగానే అందరం పరుగెత్తి దూరంగా బోర్లా పడుకునేవాళ్ళం. చప్పుళ్ళన్నీ అయ్యాక మళ్ళీ ఆయనే ముందు దిగేవాడు. పగిలిన రాళ్ళు మోయడం నాలాంటి ఆడవాళ్ళ వంతు. నాకు అప్పుడు ఒక్క అక్షరం రాదు.

అరవై తొమ్మిది గొడవలు సద్దుమణిగి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. ఒకరోజు పొద్దున, గొడుగు పట్టుకుని, చెప్పులు చేతిలో పెట్టుకుని ఒకామె పొలం గట్టు మీద నడిచి వచ్చి మా రాళ్ళ కుప్ప మీద కూర్చుంది. హైదరాబాదులో పెద్ద చదువు చెప్పే చోట పని చేస్తుందట, పుట్టింది కృష్ణ ఒడ్డున. ఆమె "నమస్కారమండీ" అనగానే మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయ్యో, ఆంధ్రామె! మన బాయిల నీళ్ళు గూడ అడుగుతందుకొచ్చిందా ఏంది?" అంది మా అత్త, ఆమెకు వినపడేటట్టే. ఆమె నవ్వి, "నీళ్ళు వద్దు పెద్దమ్మా, మాటలు ఇస్తే చాలు" అంది. ఆ జవాబుతో మా అత్తకు ఆమె మీద కోపం సగం పోయింది.

ఆమె పరిశోధన ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆపద ఇంకా రాకముందే మనుషులు దాన్ని ఎంత అని అంచనా కడతారు, ఎంత భయపడతారు, భయపడి ఏం చేస్తారు, ఇదీ ఆమె తెలుసుకోవాలనుకున్నది. అచ్చు వేసిన కాగితాలు తెచ్చుకుంది. "బావిలోకి దిగినప్పుడు మీకు ప్రమాదం జరిగే అవకాశం ఎంత ఉందనుకుంటారు? ఎక్కువా, కొంచెమా, లేదా?" అని అడిగేది. మా ఆయన తలపాగా సర్దుకుని, "ఏం గాదమ్మా" అన్నాడు. మోకు లాగే కొమురయ్య, "ఏం గాదు" అన్నాడు. పక్క తండా నుంచి వచ్చే లంబాడీ కూలీలు, వాళ్ళ భాష వాళ్ళకున్నా, ఆ మాట మాత్రం తెలుగులోనే, "ఏం గాదు" అన్నారు. ఆమె అందరికీ "లేదు" అన్న చోట టిక్కు పెట్టుకుంది.

బావుల దగ్గరికి, తండాలకు తోడు రావడానికి కూలీలను ఎరిగిన ఆడమనిషి కావాలంటే నేను కుదిరాను. ఎండకు ఆమె మొహం కమిలిపోయేది గాని నడక ఆపేది కాదు. కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం మా వాకిట్లో కూర్చుని సర్వపిండి తింటూ, "మీవాళ్ళకు భయమే లేదు రాజవ్వా. ఏ బావి దగ్గర అడిగినా ప్రమాదం లేదనే అంటున్నారు. ఇదే రాసుకుని పోతాను" అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"అమ్మా, ఏం గాదు అంటే ఏం గాదని గాదు."

ఆమె చెయ్యి సర్వపిండి మీదే ఆగిపోయింది.

"పిలగానికి జరమొస్తే ఏం గాదంటం. కాన్పుకు పోయేదాన్ని పట్టుకోని ఏం గాదంటం. సల్లగ కూసోని నువ్వు సర్వపిండి తింటుంటే నీతోని ఎవలన్న ఏం గాదన్నరా? భయమున్న కాడ్నే గా మాట. లేని కాడ ఎందుకంటం?"

ఆమె సర్వపిండి పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. తరువాత సంచిలోంచి ఆ కాగితాలన్నీ తీసి, ఒళ్ళో పెట్టుకుని, పై కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. "ఇన్నాళ్ళూ నేను తలకిందులుగా రాసుకున్నాను" అంది. అంత చదివిన మనిషి, రాళ్ళు మోసేదాని ముందు కూర్చుని తన తప్పు తాను ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ తరువాత కూడా ఎక్కువ చూడలేదు.

మరి ఎట్లా అడగాలి? చెడు మాట నోటితో అంటే తథాస్తు దేవతలు వింటారని భయపడి మావాళ్ళు ఆ మాటే ఎత్తరు. "అడుగకు. దిగే ముందు ఏం జేస్తరో చెప్పుమను" అన్నాను నేను. ఆమె అట్లాగే అడిగింది. అప్పుడు జవాబులు ఊట పడ్డట్టు వచ్చాయి. ఒకడు చెప్పులు ఇంటి దిక్కుకు తిప్పి విడుస్తాడట. ఒకడు మన్ను కళ్ళకు అద్దుకుంటాడట. కొమురయ్య సగం బీడీ మిగిల్చి ఒడ్డు మీద పెడతాడట, "మల్లొచ్చి తాగాలె గద" అని. మా ఆయన వంతు వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"మొలతాడుకున్న ఇంటి తాళంచెవి ఇప్పి రాజవ్వకిస్త" అన్నాడు.

"నీళ్ళల్ల పడిపోతదని గద ఇచ్చేది?" అన్నాను నేను. ఆయన నాకు ఎప్పుడూ చెప్పే మాట అదే.

ఆయన నా వైపు చూడలేదు. "నేను పైకి రాకుంటే ఆమె ఇంట్లకు పోవాలె గదమ్మా" అని వసుంధరమ్మతో అన్నాడు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా ఆ తాళంచెవి రోజూ కొంగున ముడివేసుకున్నాను. ఆ రోజు నుంచి అది బరువైంది.

వసుంధరమ్మ ఆ మాటను ఊరికే రాసుకుని పోలేదు. "భయం తెలుసు. మరి దానికి మీ ఏర్పాటు ఏమిటి? ఎన్ని తూటాలు పెట్టారో, ఎన్ని పేలాయో ఎవరు లెక్కపెడతారు?" అని అందరినీ అడిగింది. మా ఆయన "నేనే" అన్నాడు. కొమురయ్య "నేనే" అన్నాడు. మిగతావాళ్ళు కూడా అంతే. "అందరూ లెక్కపెడుతున్నారంటే ఎవరూ పెట్టడం లేదన్నమాట" అంది ఆమె. గంపలో రొప్పుతూ పైకి వచ్చి, చెవులు మూసుకుని పడుకున్న మనిషికి చప్పుళ్ళ లెక్క ఎక్కడ గుర్తుంటుంది? ఆ పని నాకు పెట్టించింది. దిగేముందు ఎన్ని రంధ్రాలో అడిగి, బండ మీద బొగ్గుతో అన్ని గీతలు గీయాలి. చప్పుడు చప్పుడుకూ ఒక్కో గీత కొట్టేయాలి.

"నాకు రాతరాదమ్మా" అన్నాను.

"గీత కూడా రాతే. రెండింటికీ చెయ్యి ఒకటే" అంది.

మొదటిసారి గీత మిగిలిన రోజు ఆమె ఇంకా ఊళ్ళోనే ఉంది. నేను ఆపితే ఆ పూటకు ఎవరూ దిగలేదు. మరునాడు వెతికితే పేలనిది ఏదీ దొరకలేదు. రెండు కలిసి ఒక్కసారే పేలి ఉంటాయి. ఆ బావి యజమాని పటేలు పూట పని చెడిందని గొణిగాడు. అందరూ నాకు "గీతల రాజవ్వ" అని పేరు పెట్టారు. మా అత్తయితే, "నీ మొగని కడుపు మీద గీయవే గా గీతలు, అన్నం దక్కువైతది" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంక ఈ పని చేయనని వసుంధరమ్మకు చెప్పేశాను.

ఆమె బుజ్జగించలేదు. రెండు గులకరాళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు ఆపావు, కింద ఏమీ లేదు. అది ఒక తప్పు. నువ్వు ఆపలేదు, కింద ఉంది. అది ఇంకో తప్పు. ఈ రెండూ ఒకే బరువా?" అని అడిగింది. నేను రెండో రాయిని ముట్టుకోలేదు. "తప్పు చేయకుండా ఉండడం మన చేతిలో లేదు రాజవ్వా. ఏ తప్పును భరించగలమో ఎంచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది" అంది. తరువాత ఎంతమంది చెప్పగా విన్నా, ఇంత తేలికగా, ఇంత బరువుగా ఎవరూ చెప్పలేదు.

ఆ పంట కోతలకు ఆమె భూపాలపల్లి వైపు వెళ్ళిపోయింది. కాళేశ్వరం దగ్గర, గోదావరి వరదను మనుషులు ఎట్లా అంచనా కడతారో అడగడానికి. కొన్నాళ్ళకు నాకు ఒక కార్డు వచ్చింది. పోస్టాయన గబగబా చూసి, "ఏం లేదు, సుఖంగున్నదట, నిన్ను అడిగింది" అని చెప్పి సైకిలెక్కాడు. కార్డు నిండా రాత ఉంది. అంత రాతకు ఇంత మాటేనా అనుకున్నాను గాని, అడగడానికి మొహమాటపడ్డాను. దాన్ని పెట్టె అడుగున దాచుకున్నాను.

రెండోసారి గీత మిగిలింది మరుసటి ఎండాకాలంలో. ఏడు రంధ్రాలు. ఆరు చప్పుళ్ళు విన్నాను. ఏడోదాని కోసం చెవులు రిక్కించాను. పొగ పైకి వచ్చి సన్నబడింది. పటేలు కిరాయికి తెచ్చిన నీళ్ళ ఇంజినును సాయంత్రానికి తిరిగి పంపాలి. ఊట ఎక్కితే మళ్ళీ తోడడం కష్టం. "నడువుండ్రి, నడువుండ్రి" అని తొందరపెట్టాడు. మా ఆయన గంపలో ఒక కాలు పెట్టాడు.

నిరుడు నవ్విన మొహాలన్నీ అక్కడే ఉన్నాయి. వసుంధరమ్మ లేదు. ఈసారి కూడా ఏమీ లేకపోతే నన్ను ఏ బావి దగ్గరికీ రానివ్వరు. ఇదంతా ఆలోచిస్తుండగానే ఆయన రెండో కాలు ఎత్తాడు.

"ఆగు! ఒక్క గీతున్నది" అన్నాను.

"మల్ల షురువైంది" అని ఎవరో నవ్వారు. "రెండు కలిసి పేలినయి తియ్యే. ఏం గాదు" అన్నాడు మా ఆయన.

"ఏం గాకుంటే తాళంచెవి ఎందుకిచ్చినవ్?"

ఆయన ఆగిపోయాడు. నేను కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. "ఏం గాదంటివి గద. నీ దగ్గర్నే పెట్టుకోని దిగు."

ఆయన దాన్ని చూశాడు. బావిని చూశాడు. గంపలోంచి కాలు తీశాడు. పటేలు, "ఆడిదాని మాటకు ఇంజినెల్లగొట్టుకోవాల్నా?" అని ఎగిరాడు. "కోపం జేయకు పటేలా. రేపు దిగుత. రేపటికి నేనుంటె గద రేపు దిగేది" అన్నాడు మా ఆయన, మెల్లగా.

మందు తడిసిపోవాలని ఆ రాత్రంతా ఊట నిండనిచ్చాం. మరునాడు మళ్ళీ ఇంజిను తెప్పించి నీళ్ళు తోడించి, జనగామ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రిని దింపారు. ఆయన పగిలిన రాళ్ళను చేత్తో ఒక్కొక్కటే తీసి, కాసేపటికి చెయ్యి పైకెత్తాడు. ఏడోది ఉంది. వత్తి సగం దాకా కాలి ఆగిపోయింది. మా ఆయన రోజూ మొదటి గడ్డపార దెబ్బ వేసే మూలలోనే ఉంది.

పటేలు గట్టు మీద కూర్చుండిపోయాడు. మా అత్త వచ్చి నా గడ్డం పట్టుకుని, "గీతల రాజవ్వా" అని ఏడ్చింది.

ఈ మాట వసుంధరమ్మకు చెప్పాలి. ఎట్లా? ఇంకొకరితో రాయిస్తే పోస్టాయన చదివినట్టే ఉంటుంది. కొన్నేళ్ళకు మా ఊళ్ళో పెద్దవాళ్ళ బడి పెట్టినప్పుడు ముందుగా పోయి కూర్చున్నది నేనే. ముప్పై దాటాక అక్షరాలు రాతి కంటే గట్టిగా ఉంటాయి. రెండు ఎండాకాలాలు పట్టింది. ఆ తరువాత పెట్టె తీసి ఆ కార్డును నేనే చదువుకున్నాను.

"రాజవ్వకు. ఇక్కడ గోదావరి ఒడ్డున కూడా అందరూ ఏం కాదనే అంటున్నారు. నేను టిక్కు పెట్టడం లేదు. మళ్ళీ అడుగుతున్నాను. ఎలా వినాలో నాకు నువ్వు నేర్పావు. పుస్తకంలో ఆ మాట నీ పేరుతో రాస్తాను."

నేను జవాబు రాశాను. వంకర అక్షరాలతో నాలుగే మాటలు: "ఏడోది దొరికింది. మల్లయ్య ఉన్నాడు." పది రోజులకు ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. అది చదివి హాయిగా ఏడ్చానని మాత్రం చెబుతాను. మిగతాది నాది.

ఆమె ఇప్పుడు లేదు. ఆమె పుస్తకం ఇంగ్లీషులో ఉందట, నేను చదవలేను. కానీ ఎవరైనా ఏం గాదు అంటే నేను ఇప్పటికీ అక్కడితో వదలను. దాని కింద ఏముందో ఇంకొక్కసారి అడుగుతాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. ఆ తప్పును నేను భరించగలను.

మా ఆయనకు బావుల పనితో ఎడమ చెవి పోయింది. కుడిది సగం వినిపిస్తుంది. అన్నానికి పిలవాలంటే వాకిట్లో నిలబడి రెండుసార్లు గట్టిగా అరవాలి. కొత్తగా దిగిన పక్కింటి కోడలు మొదట మేము కొట్లాడుకుంటున్నామని భయపడిందట. మొన్న అడిగేసింది, "గింత పెద్దగ ఒర్లుతవేంది పెద్దమ్మా, గొంతు నొయ్యదా?" అని.

"నొస్తది బిడ్డా" అన్నాను. "నొయ్యనీ. ఇనటానికి మనిషున్నడు గద."