ఓలమ్మో, మోకాళ్ళు

మా తోడికోడలు కూర్చున్నా లేచినా "ఓలమ్మో, మోకాళ్ళు" అనేది. అనకాపల్లిలో మా అరుగు మీద ఇరవయ్యేళ్ళు ఒకరి మోకాళ్ళకి ఒకరం నూనె రాసుకున్నాం.

టీవీల్లో యోగా మొదలైన రోజుల్లో, అరవయ్యో ఏట, అది వీధి ఆడవాళ్ళతో యోగా క్లాసులో చేరింది. "నువ్వూ రా అక్కా" అంటే నవ్వేను. ఆర్నెల్లకి దాని నోట మోకాళ్ళ మాటే పోయింది. తెల్లారితే పదిమంది గేటు దగ్గర నిలబడి దాన్ని పిలిచేవారు. నేను కిటికీ మూసేదాన్ని.

ఒక పెళ్ళిలో అది వాళ్ళతో కింద బంతిలో కూర్చుంది. నేను గోడవార కుర్చీలో, ఒళ్ళో పళ్ళెంతో ఉన్నాను. బంతి మధ్యలో లేవకూడదు. అది నన్ను చూసి లేచింది, నేలకి చెయ్యి ఆన్చకుండా. నా పక్క కుర్చీలో కూలబడి "ఓలమ్మో, మోకాళ్ళు" అంది.

"యోగాకి తగ్గలేదేటి?" అన్నాను, కావాలనే.

"ఎక్కడ తగ్గేయక్కా!" అంది.

నాకోసమే ఆ అబద్ధం. ఒళ్ళు మరింత మండింది.