పాత పాట పేరుతో నా పాట

తొంభైల మొదట్లో ఉదయగిరి చుట్టుపక్కల తిరునాళ్ళలో ఆడిన నాటకాలకు పాటలు రాసింది నేను. ఈ మాట ఇప్పుడు చెబితే నమ్మేవాళ్ళు లేరు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఆ నాటకాలకు పెద్దదిక్కు మా మేనమామ. హార్మోనియం ఆయనది, మెట్టు కట్టేదీ ఆయనే. ఆ మెట్టులో మాటలు కూర్చడం నా పని. శనివారం బడి వదలగానే సీతారామపురంలో బస్సెక్కి ఉదయగిరిలో ఆయన వాకిట్లో వాలేవాణ్ణి. రాణి వేషానికి నెల్లూరు నుంచి వచ్చే నటికి ఊపిరి నిలిచేది కాదు. ఆమె కోసం ప్రతి పాదం చివరా సాగదీయనక్కర్లేని మాట వెతికేవాణ్ణి. అడవిలో తోవ తప్పిన రాణికి నేను రాసిచ్చింది ఇది:

దప్పికైతే ఆకు మీది మంచు తాగినా,
ఆకలైతే నీ పేరే తలుచుకున్నా.

వన్స్‌మోర్ పడని ఊరు లేదు.

నాటకానికి ముందు మైకులో అందరి పేర్లూ చదివేవాళ్ళు. వేషగాళ్ళవి, తబలా ఆయనది, ఆఖరికి జనరేటర్ అద్దెకిచ్చినవాడిది కూడా. నా పేరు మాత్రం ఉండేది కాదు. పైగా రాణి పాట రాగానే మామ గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన పెద్దోళ్ళు పాడుకున్న పాత పాట" అనేవాడు. అడిగితే విసుక్కున్నాడు.

"కొత్త పాటంటే జనం బీడీలకు లేస్తారురా. పాతదంటే కదలరు. నీకు పాట బతకాల్నా, పేరు బతకాల్నా?"

రెండూ బతికితే ఆయన సొమ్మేం పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నన్ను పెంచిన అవ్వకు, అంటే మామను కన్నతల్లికి, ఈ సంగతి తెలిసి కడుపు మండింది. "వాడి పేరు నేను చెవులారా వినాల. లేకుంటే నీ ఇంట్లో మెతుకు ముట్టను" అని కొడుకు మీద ఒట్టు పెట్టింది. సరేనన్నాడు మామ. ఆత్మకూరు నాటకానికి ఆమె పనిగట్టుకుని వచ్చి ముందు వరసలో చాప వేసుకుంది.

మామ తల్లిని చూశాడు, జనాన్ని చూశాడు. "పాత పాట" అన్నాడు.

అవ్వ లేచి నిలబడింది. "పాతదేందిరా? నా మనవడు రాసినాడు."

"కూర్చో అవ్వా, మా తాత పాడంగా నేను విన్నా" అన్నాడు పక్కనున్న ముసలాయన. అందరూ నవ్వారు. మామ తలెత్తకుండా వాయించాడు. తెర వెనక నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ అన్నట్టే మళ్ళీ ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు.

తర్వాత రికార్డు డాన్సులు వచ్చాయి. నాటకాలను పిలిచేవాళ్ళు లేక మామ హార్మోనియం అటకెక్కింది. పోనీలే, మా అవ్వకైనా తెలుసు కదా అనుకుని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం అవ్వ మా ఇంటి వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తూ రాణి పాట పాడుకుంటోంది. ఆమెకు మతి చక్కగానే ఉండేది. ఎవరింట్లో ఏ బర్రె ఎప్పుడు ఈనిందో చెప్పేది. ఆమె నోట నా పేరు వినాలని ఆశపుట్టి అడిగాను.

"ఎవరిది అవ్వా ఆ పాట?"

"ఎవరిదో ఏంది? పాత పాట. మా అమ్మ పాడేది."

ఆమె మళ్ళీ ఎత్తుకుని, రెండో పాదం గుర్తు రాక ఆగిపోయింది. నేను అందించాను.

అవ్వ కాయ ఒలవడం ఆపి నా వైపు చూసింది.

"నీకెట్టా తెలుసురా ఇది?"