రొప్పు తగ్గినంక

యుద్ధం రోజుల్లో ఓ వేసవి మధ్యాహ్నం, కొత్తకోట దారిలో నా కారు పొగలు కక్కి ఆగిపోయింది. బావి దగ్గర ఎద్దులతో మోట తోలుతున్న రైతును నీళ్లడిగితే, కడవ తెచ్చి నా చేతికివ్వకుండా నీడలో పెట్టాడు.

"జర ఆగు దొరా. రొప్పు తగ్గినంక నీళ్లు పోద్దం. రొప్పుతున్న ఎద్దుకు నీళ్లు తాపుతమా?"

"ఇది ఎద్దు కాదయ్యా, ఇంజను!" అని అరిచాను. రాజమండ్రి నుంచి వచ్చి ఇతనితో పాఠాలు చెప్పించుకోవాలా? కడవ లాక్కుని రేడియేటర్లో చన్నీళ్లు గుమ్మరించాను. ఠప్పుమని ఇంజను పగిలింది.

అతను మోకు కట్టి, తన ఎద్దులతోనే కారును కొత్తకోట దాకా లాగించాడు. పాపం, రొప్పుతున్నాయి కదా అని నేను బకెట్టు పట్టుకుని వాటి దగ్గరికి వెళ్లబోతే, చెయ్యి పట్టుకున్నాడు.

"మల్ల గదేనా, దొరా?"